ఉంగికి నేను చెప్పని మాట

కొన్ని తప్పులు చేసిన రోజున చిన్నవిగా ఉంటాయి. చుట్టూ ఎవరికీ కనబడవు. ఎవరూ వేలెత్తి చూపరు. అందుకే వాటిని మనమే మోయాలి. నేను అలాంటిదొకటి ఏళ్ల తరబడి మోశాను. వంటింట్లో, బస్సులో, పెళ్లిళ్లలో నవ్వుతున్నప్పుడు కూడా అది నాతోనే ఉంది. మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు అక్కర్లేదు. కానీ దీన్ని మొదటి నుంచి చివరిదాకా, ఏదీ మార్చకుండా, ఒక్కసారైనా ఎవరికైనా చెప్పాలి.

మా అమ్మ నర్సు. భద్రాచలం దాటాక అడవి అంచున ఉండే ఊళ్లలో ఆమె ఉద్యోగం. నాతో ఆడుకున్నవాళ్లందరూ కోయ పిల్లలే. వాళ్ల భాష నాకు ఎవరూ నేర్పలేదు, ఆటల్లో వచ్చేసింది. డిగ్రీ అయ్యాక పెళ్లి చేసుకుని ఖమ్మం వచ్చాను. ఖానాపురం హవేలిలో కిరాయి ఇల్లు. ఊరి బయట ఒక గ్రానైట్ ఫ్యాక్టరీలో నాది ఆఫీసు పని. మా ఆయన అక్కడే క్రేన్ ఆపరేటరు.

జోగా అక్కడ కూలి. రాష్ట్రం సరిహద్దు అవతలి నుంచి వచ్చి ఇవతలి అడవిలో గుడిసెలు వేసుకున్న కుటుంబాల వాడు. తెలుగు సరిగా రాదు. ఎక్కువ మాట్లాడేవాడు కాదు. ఒకరోజు మంచినీళ్ల దగ్గర అతనితో కోయలో మాట్లాడితే ఉలిక్కిపడి, వెనక్కి తిరిగి, నన్ను చూసి నవ్వాడు. ఆ రోజు నుంచి నేను అతనికి అక్కను. ఇంటికి వెళ్లొచ్చినప్పుడల్లా ఆకులో చుట్టి తునికి పండ్లు తెచ్చేవాడు. కూతురు పుట్టిందని ముందుగా నాకే చెప్పాడు.

కోసిన రాతి పలకల్ని ఇనుప స్టాండ్లకు ఆనించి వరసగా నిలబెడతారు. ఒక మధ్యాహ్నం మా ఆయన క్రేనుతో ఒక పలకను లేపుతున్నాడు. పక్క స్టాండు ఒరిగింది. దాని మీది పలకలన్నీ ఒక్కసారి వాలిపోయాయి. వాటి వెనక చెక్కలు సర్దుతూ జోగా ఉన్నాడు.

ఆఫీసులో నాకు ఒక్క చప్పుడే వినిపించింది. తర్వాత యంత్రాలన్నీ ఆగిపోయాయి. ఆ ఫ్యాక్టరీలో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు.

మర్నాడు పొద్దున ఓనరు నన్ను కారులో దవాఖానాకు తీసుకెళ్లాడు. శవపరీక్షకు జోగా ఇంటివాళ్లు వచ్చారట, వాళ్లతో మాట్లాడేవాళ్లు లేరట. దారిలో ఆయన రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే అన్నాడు: "కేసంటూ అయితే ముందు అడిగేది క్రేన్ నడిపినోణ్ణే అమ్మా. నేనేం బెదిరిస్తలేను. ఉన్నమాట చెప్తున్న."

అబద్ధం చెప్పమని ఆయన నన్ను అడగలేదు. ఇది మీరు గుర్తుపెట్టుకోవాలి. నేను చాలా ఏళ్లు దీన్ని మర్చిపోవాలని చూశాను.

దవాఖానా వెనక, శవాల గది ముందు అరుగు మీద జోగా భార్య ఉంగి కూర్చుని ఉంది. చంకలో పాప. పక్కన జోగా తండ్రి, పెద్దాయన, కర్రను రెండు చేతులతో పట్టుకుని. చుట్టూ అందరూ తెలుగులో అరుస్తున్నారు, వాళ్లిద్దరూ నేలను చూస్తున్నారు. నేను దగ్గరికెళ్లి కోయలో పలకరించాను. ఉంగి నా చెయ్యి పట్టుకుంది. అంతవరకు ఆమె ఏడవలేదట. అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

అంతలో కార్మిక శాఖ నుంచి ఒక అధికారి వచ్చాడు. నడివయసు మనిషి, స్కూటరు మీద వచ్చాడు. ఓనరు ఫోన్ మాట్లాడుతూ దూరంగా ఉన్నాడు. అధికారి నేరుగా మా దగ్గరికి వచ్చి అన్నాడు: "మీకు వీళ్ల భాష వస్తదంట గదమ్మా. నేను చెప్పేది ఉన్నదున్నట్టు ఆమెకు చెప్పుండ్రి."

సరేనన్నాను.

"మనిషి పనిల చచ్చిపోయిండు. గందుకని భార్యకు, బిడ్డకు, ముసలాయనకు నష్టపరిహారం వస్తది. తప్పు ఎవరిదని మేం అడగం. ఇది వీళ్ల హక్కు, ఎవరో దయతోటి ఇచ్చేది కాదు. మా ఆఫీసుకొచ్చి దరఖాస్తు పెట్టుకోవాలె. కాంట్రాక్టరు మనిషి అన్నా, రిజిస్టర్ల పేరు లేదన్నా భయపడొద్దు. వకీలు కావాలంటే కోర్టుల ఊకెనే, పైసలు లేకుండ ఇస్తరు. పోలీసు కేసు వేరే, ఇది వేరే. దీనితోటి ఎవర్నీ జైల్ల ఎయ్యరు. కానీ దీనికి గడువుంటది, జల్దీ రావాలె. చెప్పుండ్రి."

ప్రతి మాటా విన్నాను. ప్రతి మాటా అర్థమైంది. మీకు నేను చెప్పాల్సింది ఇదే. వినపడలేదనో, సరిగా అర్థం కాలేదనో చెప్పడానికి నాకు దారి లేదు.

ఉంగి నా ముఖంలోకి చూసింది. "ఏమంటున్నాడక్కా?" కోయలో అడిగింది. మా మాటల్ని మీకోసం తెలుగులో రాస్తున్నాను.

"జోగా పోయినందుకు బాధపడుతున్నాడు," అన్నాను. "మీరిక్కడ చేసేదేం లేదంట. జోగాను తీసుకుని ఇంటికి పొమ్మంటున్నాడు. ఏమన్నా ఉంటే ఆయనే కబురు పంపిస్తడంట."

"మేం ఇంకెక్కడికన్నా పోయి అడగాలా?"

"అక్కర్లేదు."

ఆమె తలూపింది. అధికారి నావైపు తిరిగాడు. "ఏమంటున్నది?"

"కర్మకాండలు అయినంక వస్తమంటున్నరు సార్," అన్నాను.

ఎంత తేలికగా వచ్చాయి ఆ మాటలు! అటొక అబద్ధం, ఇటొక అబద్ధం. మధ్యలో నేను. గొంతు వణకలేదు. కళ్లలో ఇంకా తడి ఉంది. పెద్దాయన నాకు రెండు చేతులూ జోడించాడు. ఓనరు ఏర్పాటు చేసిన బండిలో వాళ్లు జోగాను తీసుకుని వెళ్లిపోయారు.

ఎందుకు చేశాను? మా ఆయన కోసమని నాకు నేను చెప్పుకున్నాను. కేసు అనే మాట నా బుర్రలో సుత్తిలా కొడుతోంది, నిజమే. కానీ ఆ అధికారి నా ముందే, నా భాషలోనే, ఎవర్నీ జైల్లో వెయ్యరని చెప్పాడు కదా? అయినా భయపడ్డానా? లేక భయం పేరు చెప్పి ఇంకేదైనా కాపాడుకున్నానా, నా ఉద్యోగాన్ని, ఓనరు దగ్గర నాకున్న మంచి పేరును, ఇంట్లో మామూలుగా అన్నం తినే అలవాటును? ఎన్నిసార్లు తవ్వినా ఒకే జవాబు రాలేదు. ఒక్కోసారి ఒక్కోటి వస్తుంది. ఏదీ నన్ను వదిలిపెట్టేంత పెద్దది కాదు.

పోలీసులు మా ఆయన్ను ఒకసారి పిలిచి అడిగారు. స్టాండు కాలు దగ్గర వెల్డింగు ఎప్పుడో విరిగి ఉందని తేలింది. ఆయన్ను ఇంటికి పంపించేశారు. నా భయం అంతటితో తీరిపోవాలి. తీరింది కూడా. మరి అప్పుడైనా నోరెందుకు విప్పలేదు? ఆ అధికారి తర్వాత కూడా ఫ్యాక్టరీకి వచ్చాడు. ఆ కుటుంబం ఎందుకు రాలేదని అడిగాడు, వాళ్ల గూడెం ఎక్కడని అడిగాడు. నేను ఆఫీసులోనే ఉన్నాను. అడవిలో ఎక్కడో ఉంటారట సార్ అని ఎవరో అన్నారు. నేను తల వంచుకుని పని చేసుకుంటున్నాను. ఆ గూడెం పేరు జోగా నాకు ఎన్నోసార్లు చెప్పాడు. కొన్నాళ్లకు ఆ అధికారికి బదిలీ అయిందని విన్నాను. ఊపిరి పీల్చుకున్నాను. అది కూడా రాస్తున్నాను.

ఆ తర్వాత కోయ మాట్లాడటం మానేశాను. మిరపకాయ ఏరే రోజుల్లో అడవి ఊళ్ల నుంచి కూలీలు ట్రాక్టర్లలో ఖమ్మం వైపు వస్తారు. బస్టాండులో ఆ భాష చెవిన పడితే పక్క సందులోకి మళ్లేదాన్ని. ఏ ఆడమనిషి చంకలో పాపను చూసినా ముఖం తిప్పుకునేదాన్ని. కలలో ఆ అధికారి మాట్లాడుతుంటాడు, నేను నోరు తెరుస్తాను, చప్పుడు రాదు. ఉంగి మాత్రం విన్నట్టే తలూపుతుంది. అమ్మ ఫోన్‌లో అలవాటుగా రెండు కోయ మాటలు కలిపితే విసుక్కునేదాన్ని. ఎందుకని అమ్మ అడగలేదు. ఇల్లూ ఉద్యోగమూ చూసుకుంటున్నాను కదా, నాకు విసుగు సహజమే అనుకుందేమో.

ఫ్యాక్టరీ వదిలేసి ఒక ప్రైవేటు బడిలో ఆఫీసు పనికి చేరాను. అక్కడ ఒకనాడు చట్టాల గురించి చెప్పడానికి ఒక యువ న్యాయవాది వచ్చింది. పిల్లల తల్లిదండ్రులు చాలామంది కూలి చేసుకునేవాళ్లు. పనిలో ఎవరైనా చనిపోతే ఏం చెయ్యాలో ఆమె చెబుతోంది. ఆ అధికారి చెప్పిన మాటలే, దాదాపు అదే వరసలో. చివర్లో ఆమె అంది: గడువు దాటినా సరే, ఆలస్యానికి సరైన కారణం చూపిస్తే వినే అవకాశం ఉంది.

నేను అప్పటిదాకా ఏమనుకున్నాను? గడువు దాటిపోయింది కాబట్టి ఇప్పుడు చెప్పినా లాభం లేదనుకున్నాను. ఆ మాట వెనక హాయిగా దాక్కున్నాను. ఆ రోజు ఆ చాటు కూడా పోయింది.

ముందు మా ఆయనకు చెప్పాను. ఆయన తింటున్న కంచం పక్కకు జరిపాడు. తర్వాత అన్నాడు: "నన్నెందుకు అడ్డం పెట్టుకున్నవ్? ఒక్కమాట అడిగితే నేను పొయ్యి చెప్పెటోణ్ణి గదా." అది నిజమే. ఆయన చెప్పేవాడు. నేను కాపాడాననుకున్న మనిషికి ఆ కాపుదల అక్కర్లేదు.

సెలవు పెట్టి భద్రాచలం బస్సెక్కాను. అక్కడి నుంచి ఆటో, ఆటో ఆగినచోటు నుంచి నడక. గూడెంలో ఉంగి తునికాకు కట్టలు కడుతోంది. నన్ను గుర్తుపట్టింది. పరుగున లోపలికి వెళ్లి నీళ్లు తెచ్చింది. ఖమ్మంలో మా మాట మాట్లాడిన ఒకే ఒక్క మనిషి ఈమె అని పక్కింటివాళ్లకు చూపించింది. ఆ నీళ్లు తాగకుండా పక్కన పెట్టాను.

పెద్దాయన ఏడని అడిగాను. పోయాడంది. కబురు కోసం చాన్నాళ్లు చూశాడట. ఏదైనా జీపు వస్తే ఫారెస్టువాళ్లేమోనని గూడెంలో అందరూ అడవిలోకి పరుగెత్తేవారు, ఆయన ఒక్కడే కర్ర పట్టుకుని జీపుకు ఎదురు వెళ్లేవాడట. దవాఖానా దగ్గర చూసిన ఆ సారు పంపించి ఉంటాడని. చివరి రోజుల్లో కూడా దారి వైపే మంచం వేయించుకున్నాడట.

కబురు పంపిస్తాడని నేను ఎందుకన్నానో నాకు గుర్తులేదు. ఆ అబద్ధానికి ఆ ముక్క అవసరం కూడా లేదు. ఊరికే, వాళ్లకు ఓదార్పుగా ఉంటుందని అన్నానేమో. ఆ ఓదార్పే ఒక ముసలివాణ్ణి ఏళ్ల తరబడి దారిలో నిలబెట్టింది.

చెప్పాను. కోయలోనే చెప్పాను. మధ్యమధ్య మాటలు దొరకలేదు, వాడక వదిలేసిన భాష కదా. ఆ అధికారి ఏమన్నాడో, నేను ఏమని మార్చానో, అన్నీ చెప్పాను. ఉంగి చేతులు ఆకుల మీద ఆగిపోయాయి.

"ఆ రోజు నా పక్కన ఏడ్చావు కదా," అంది చివరికి. "అది కూడా అబద్ధమేనా?"

"కాదు," అన్నాను.

ఆమె నన్ను అలాగే చూసింది. అబద్ధమని ఉంటే తనకు సులువయ్యేదేమో. లేచి లోపలికి వెళ్లింది. తిరిగి బయటికి రాలేదు. నేను పొద్దువాలే దాకా ఉండి, ఆ యువ న్యాయవాది ఉండే చోటూ, నేనక్కడ ఎదురుచూసే రోజూ పక్కింటి ఆమెకు చెప్పి వచ్చేశాను. ఆమెకు తెలుగు వచ్చు.

ఉంగి వస్తుందని అనుకోలేదు. వచ్చింది. తోడుగా ఆ పక్కింటామెను తెచ్చుకుంది. నా నోటి మాట మీద ఇక ఆధారపడదలచుకోలేదు. న్యాయమే. కోర్టు ఆవరణలో ఉచిత న్యాయ సహాయం ఇచ్చే గదిలో ఆ యువ న్యాయవాది ముందు ముగ్గురం కూర్చున్నాం. ఉంగి చెబుతుంటే పక్కింటామె తెలుగులో చెప్పింది. నేను మధ్యలో లేను.

అంతా విని న్యాయవాది కలం పక్కన పెట్టింది. "కష్టమైతది, కానీ పెట్టి చూద్దాం. అన్నిటికన్న ముందు వాళ్లు అడిగేది ఒకటే. ఇన్నేండ్లు ఎందుకు రాలేదు? గట్టి కారణం చూపించాలె. దూరమా? చదువు రాదా? ఏంది కారణం?"

పక్కింటామె ఆ ప్రశ్నను ఉంగికి చెప్పబోయింది.

"కారణం నేను," అన్నాను.

న్యాయవాది నావైపు తిరిగింది. ప్రమాణం చేసి చెప్పాల్సి ఉంటుందనీ, నా పేరు బయటికి వస్తుందనీ, దాని ఫలితం నా మీద కూడా ఉండవచ్చనీ నెమ్మదిగా చెప్పింది. చెబుతానన్నాను. పక్కింటామె నా మాటను ఉంగి చెవిలో కోయలో చెప్పింది. నేను జాగ్రత్తగా విన్నాను. ఏమీ తగ్గలేదు, ఏమీ పెరగలేదు.

ఉంగి నావైపు చూడలేదు. వాళ్లిద్దరూ బస్టాండుకు వెళ్లారు. నేను వాళ్ల వెనక వెళ్లలేదు, క్షమించమని అడగలేదు. అడిగితే ఆమె మీద ఇంకో బరువు పెట్టినట్టే కదా?

దరఖాస్తు ఏమవుతుందో తెలియదు. పెద్దాయన రాడు. జోగా రాడు. నాకు నిద్ర పట్టడం లేదు, కల ఇంకా వస్తూనే ఉంది. కానీ మొన్న ఆ గదిలో ఆ రెండు మాటలూ అన్నాక, ఎన్నో ఏళ్ల తర్వాత, నా గొంతు నాదిగా వినిపించింది. అంతే. అంతకన్నా నాకు రావలసింది ఏమీ లేదు.