పక్క పిల్ల విమానం

సెలూన్ నడిపే ఆ తండ్రి దగ్గర కూతురి సంగతి ఎత్తితే చాలు, కత్తెర ఆగిపోతుంది. అద్దం పక్కన అతికించిన ఫొటో చూపించి, "విమానాన్ని తలకిందులు చేసి నడుపుతుంది మా అమ్మాయి. పోటీలకెళ్తోంది," అంటాడు. ఆమె ప్రాక్టీసుకి వెళ్లిన రోజు మాత్రం గడ్డాల పని ముట్టుకోడు. దిగానని ఆమె ఫోన్ చేసేదాకా కత్తి పెట్టెలోంచి తీయడు.

మొన్నటి పోటీలో కూతురు ఆకాశంలో పల్టీలు కొట్టినంతసేపూ ఆయన తన చెప్పులనే చూస్తూ కూర్చున్నాడు. ఆమె క్షేమంగా దిగాకే తలెత్తాడు. తర్వాతి వంతు, అప్పటిదాకా మార్కుల్లో అందరికన్నా ముందున్న ఇంకో అమ్మాయిది. నిటారుగా పైకి లేస్తుండగా ఆమె విమానం ఇంజను దగ్గి, ఆగిపోయింది. జనం కేకలు పెట్టారు. ఆయన మనసు మాత్రం, "హమ్మయ్య, ఇక ఫస్టు మనదే," అంది. అంతలోనే, పొద్దుట్నుంచీ ఆయన గొప్పలన్నీ ఓపిగ్గా విన్న పక్క కుర్చీ ఆవిడ ఆయన చేయి గట్టిగా పట్టుకుంది. "మా అమ్మాయండీ అది!" ఆ పిల్ల ఎలాగోలా విమానాన్ని నేలకి దించింది. ఆవిడ చేయి వదిలి, కళ్లు తుడుచుకుని, "మీ అమ్మాయి చాలా బాగా నడిపిందండీ," అంది మనస్ఫూర్తిగా. ఆయనకి తన మీద తనకే రోత పుట్టింది. ఇంతలో కూతురు కప్పుతో పరుగెత్తుకొచ్చింది. "ఫస్టొచ్చాను నాన్నా! మొహం అలా పెట్టావేంటి?" "కడుపులో తిప్పుతోందమ్మా." "పల్టీలు కొట్టింది నేనైతే తిప్పేది నీకా!" అని ఆమె పకపకా నవ్వింది. ఆయన కుళాయి దగ్గరికి వెళ్లి నోరు పుక్కిలించాడు. 'ఫస్టు మనదే' అన్న ఆ మాట పైకి అనలేదు కదా అని సర్దిచెప్పుకున్నాడు. అయినా మళ్లీ పుక్కిలించి ఉమ్మాడు.