బ్లాగుకెక్కిన నారుమడి

2007 ఆగస్టు. గుంటూరులోని ఒక విత్తన పరీక్షాశాలలో నేను విశ్లేషకుడిగా పనిచేస్తున్న రోజులు. సంచీల్లో వచ్చిన నమూనాలకు జర్మినేషన్ టెస్ట్ చేయడం, అంటే తడి కాగితం మీద విత్తనాలు పరిచి ఎన్ని మొలిచాయో లెక్కపెట్టి నివేదిక రాయడం నా పని. మిరపకైతే పద్నాలుగు రోజులు పడుతుంది. తొందరపెడితే విత్తనం వినదు.

ఆ నెలలో వచ్చిన ఒక మిరప నమూనా కవరుతో పాటు ఒక ప్రింటౌట్ కూడా వచ్చింది. తెలుగులో బ్లాగులు అప్పుడప్పుడే మొదలయ్యాయి. ఎవరి పేజీ వారిదే, ఎవరి అనుమతీ అక్కర్లేదు. చిలకలూరిపేట దగ్గరి ఒక పల్లెలో జీవశాస్త్రం చెప్పే శారద అనే ఉపాధ్యాయురాలు ‘మా చేను’ పేరుతో బ్లాగు రాసేది. ఒక్క మొలకా లేని మిరప నారుమడి ఫోటో పెట్టి, మస్తాన్ వలీ షాపు విత్తనాలు నకిలీవని రాసింది. ఇంటర్నెట్ సెంటర్ యజమాని దాన్ని ప్రింటు తీసి అమ్మాడు. అది ఊరూరా టీ కొట్ల గోడలకు ఎక్కింది. ఒక స్థానిక నాయకుడు మండల సమావేశంలో ఆ కాగితం ఊపుతూ, “ఇది అమెరికాలో కూడా చదువుతున్నారు, మన పరువేం కావాలి?” అన్నాడట. మర్నాడే స్టాప్ సేల్ ఉత్తర్వు వచ్చింది, అంటే నివేదిక తేలేవరకు అమ్మకూడదని. మస్తాన్ లైసెన్సు రద్దు కోసం కూడా కాగితాలు కదిలాయి.

మస్తాన్ మా ఆఫీసుకు వచ్చి తలుపు దగ్గరే నిలబడ్డాడు.

“నమూనా సంగతి మాట్లాడకూడదండీ” అన్నాను.

“మాట్లాడను సార్. మీరు లెక్క సరిగ్గా పెడతారో లేదో మీ మొహం చూసిపోదామని వచ్చా. ఇరవై ఏళ్ల షాపండి. నిన్న మంగలి కూడా గడ్డం గీస్తా, నిజం చెప్పు మస్తానూ అన్నాడు. కత్తి మెడ మీదుంటే ఏం చెప్పను?”

పద్నాలుగో రోజు లెక్క తేలింది. నూటికి ఎనభై నాలుగు మొలిచాయి, చట్టం అడిగే కనీసం కంటే చాలా ఎక్కువ. నివేదిక పంపాను. విత్తనం పాసైందన్న కబురు ఎలాగో పొక్కి, రెండు రోజుల్లో బ్లాగు కింద వ్యాఖ్యలు వచ్చాయి: ల్యాబు అమ్ముడుపోయిందని.

కోపం వచ్చిందని ఒప్పుకోవాలి. అయితే ఫోటో అబద్ధం కాదు. విత్తనం మంచిది, మడి బోడిది. రెండూ నిజమైతే నాకు తెలియని మూడో సంగతి ఏదో ఉండాలి. సెలవు పెట్టి ఆ ఊరు వెళ్లాను.

అదే లాట్, అంటే ఒకే విడతలో సంచులకెత్తిన విత్తనాన్ని తొమ్మిదిమంది కొన్నారు. ఆరు మడులు బోడిగా ఉన్నాయి. మూడు పచ్చగా ఉన్నాయి. పచ్చని మడి యజమాని వెంకయ్యను ఏం చేశావని అడిగాను.

“ఏం చెయ్యలా. చల్లా, నీళ్లు పోశా, ఊరుకున్నా.”

“మిగతావాళ్లు ఏం చేశారు?”

“ఆళ్లకి చదువొచ్చుగా. పంతులమ్మ కాగితం చూసి ఏందో చేశారు. నాకు చదవటం రాదు, ఆ కాగితంతో నాకేం పని?”

బోడి మడుల్లో మట్టి మీద తెల్లటి పెచ్చులు కనిపించాయి. కొంత మట్టిని నీళ్లలో కలిపి పీహెచ్ కాగితం ముంచాను. ఆమ్లమో క్షారమో రంగుతో చెప్పే కాగితం అది. ముదురు నీలమైంది, అంటే గాఢమైన క్షారం. అది సున్నం. సాయంత్రం ఇంటర్నెట్ సెంటర్‌లో కూర్చుని ఆమె బ్లాగు మొదటినుంచీ చదివాను. ఒక్కో పేజీ తెరుచుకునేలోపు ఒక టీ అయిపోయేది. జూన్ నెలలో ఒక చిట్కా దొరికింది, సెంటర్ యజమాని దాన్నీ ప్రింటు తీసి అమ్మాడట: నారుమడి గట్టు చుట్టూ సున్నం చల్లితే చీమలు విత్తనం ఎత్తుకుపోవు.

మర్నాడు ఒక రైతు మిగతాది చెప్పాడు. “పిడుగురాళ్ల బట్టీ నుంచి సంచులు తెప్పించాం. గట్టు మీద చల్లితే చీమ ఎగిరొచ్చిద్దేమో, మడి మీదే చల్లితే పీడా పోయిద్దిగా అనుకున్నాం.” బట్టీ నుంచి నేరుగా వచ్చిన సున్నం మీద నీళ్లు పడితే సలసల కాగుతుంది. వీళ్లు దాని మీద పూటపూటా నీళ్లు పోశారు. విత్తనం ఉడికిపోయింది.

బడి స్టాఫ్ రూములో శారద నా మాట పూర్తిగా విన్నది.

“గట్టు మీద అని రాశాను సార్.”

“ఏ సున్నమో రాయలేదు. మడి మీద వద్దనీ రాయలేదు.”

ఆమె సుద్దముక్కను బల్ల మీద అటూ ఇటూ దొర్లించింది. “ఆ ఫోటోలో మడి మా అన్నయ్యది. ఆ సున్నం సంచీ నేనే తెప్పించా. విత్తనం తప్పయ్యుంటుందని తప్ప ఇంకోటి తోచలా.” సుద్దముక్క పక్కన పెట్టి అడిగింది: “మీ నివేదిక ఏ ఊళ్లోనైనా ఎవరైనా చదివారా సార్?”

లేదన్నాను. అది ఇంగ్లీషులో, ఫైల్లో ఉంది.

ఆమె ‘తప్పు నాది’ అనే శీర్షికతో అంతా రాసింది, నా పీహెచ్ కాగితం ఫోటోతో సహా. ఎంతకు అమ్ముడుపోయావని వ్యాఖ్యలు వచ్చాయి. నాయకుడు ఈ కాగితాన్ని ఏ సమావేశంలోనూ ఊపలేదు. గోడల మీది కాగితాలు మాత్రం కదల్లేదు. బ్లాగులో దిద్దినది గోడ మీద దిద్దుకోదు కదా. ఆదివారం ఆమె మైదాపిండి జిగురు ఉడికించి, కొత్త ప్రింటౌట్లు పట్టుకుని బయలుదేరింది. నేనూ వెళ్లాను. మస్తాన్ కూడా వస్తానన్నాడు.

“మీరొద్దండీ. మీరే రాయించారంటారు” అన్నది శారద.

ఒక టీ కొట్టాయన అడిగాడు: “పాతది చింపేదా అమ్మా?”

“వద్దు బాబాయ్. పక్కనే అంటించు. రెండూ చదవనీ.”

స్టాప్ సేల్ ఎత్తేసేనాటికి నార్లు పోసే కాలం దాటిపోయింది. ఆ ఏడు మస్తాన్ విత్తనాలు సంచుల్లోనే ఉండిపోయాయి. కానీ లైసెన్సు నిలిచింది. తర్వాతి జూన్‌లో శారద అన్నయ్య అదే షాపులో విత్తనం కొన్నాడని మస్తాన్ ఫోన్ చేసి చెప్పాడు. ఆ మాట చెప్పడానికే ఫోన్ చేశాడు.

సరైన లెక్క చేతిలో ఉంటే చాలని అంతకుముందు నమ్మేవాణ్ణి. ఆ లెక్క ఎవరి గురించో, వాళ్ల ఊళ్లో అది తెలియకపోతే సగం పనే చేసినట్టని ఆ ఆరు మడులు నాకు నేర్పాయి. అప్పటినుంచి రిటైరయ్యేదాకా ప్రతి నివేదికకూ తెలుగులో ఒక పేజీ జతచేసి, దాన్ని ఊళ్లో అంటించమని, నమూనా తీసిన విత్తన ఇన్‌స్పెక్టర్‌కు పంపాను. అలాంటి పేజీ నిబంధనల్లో లేదని పై అధికారి రెండుసార్లు మెమో ఇచ్చారు. ఆయన అన్నది నిజమే, నిబంధనల్లో లేదు. నేను వెతికి చూశాను.