నా గ్లైడర్, బావ చేతిలో రిమోట్

మా ఆయన అన్నతో నేను పంతొమ్మిదేళ్ళు నేరుగా మాట్లాడలేదు. గొడవేమీ లేదు. మా నల్గొండ వైపు కొన్ని ఇళ్ళల్లో పెద్దబావ ముందు కోడలు నోరు విప్పదు, అంతే. ఆయన వస్తే లేచి నిలబడాలి. అడిగితే తలూపాలి. చెప్పాల్సింది ఉంటే మొగుడి చెవిన వేయాలి, మొగుడు దాన్ని అన్న చెవిన వేస్తాడు. చాయ్‌లో చక్కెర చాలిందా అని అడగాలన్నా ఇదే దారి. కొత్తపేటలో కిరాయి ఇంట్లో కుట్టుమిషన్ పెట్టుకుని, దిల్‌సుఖ్‌నగర్ దుకాణాల వాళ్ళతో రోజూ పోట్లాడి లైనింగ్ బట్ట తెచ్చుకునేదాన్ని, ఎల్బీ నగర్‌లో బావ ఇంటి గడప తొక్కగానే మూగదాన్నైపోయేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

బావకు రిమోట్ విమానాల పిచ్చి. అందులోనూ ఇంజను లేనివి, గ్లైడర్లు. గాలి వచ్చి గుట్టకు కొట్టుకుంటే పైకి లేస్తుంది కదా, ఆ గాలి మీదే అవి తేలుతాయి. అందుకని ఆషాఢం గాలులు మొదలైతే చాలు, ఆదివారం తెల్లారేసరికి కారులో రాచకొండ గుట్టలకు ప్రయాణం. కారును గుట్ట కింద వదిలి, ముళ్ళు తప్పించుకుంటూ ముప్పావు గంట ఎక్కాలి. బావ ఎగరేస్తాడు, మా ఆయన సామాను మోస్తాడు, నేను విసురుతాను. గుట్ట అంచున నిలబడి, గాలికి ఎదురుగా, ముక్కు కాస్త దించి సూటిగా వదలాలి. చెయ్యి తడబడితే కాళ్ళ దగ్గరే పడి ముక్కలవుతుంది. ఆరేళ్ళలో నా చెయ్యి ఒక్కసారీ తడబడలేదు. బావ కూల్చినవన్నీ అతికించేది కూడా నేనే. జాకెట్టుకు హుక్కులు కుట్టమని ఇచ్చినట్టు, విరిగిన రెక్కలు నా మిషన్ పక్కన పెట్టి పోతారు. "మరదలి చెయ్యి మంచిదిరా" అని బావ మా ఆయనతో అంటాడు. నేను అక్కడే నిలబడి ఉంటాను.

ఒకసారి అనిపించింది, ఇన్ని బాగుచేశాను, ఒకటి నేనే చేసుకోకూడదా అని. జాకెట్ల కొలతలు గీసే కాగితం మీదే రెక్క గీశాను. ఫోమ్ షీటు కత్తిరించి, లోపల కార్బన్ కడ్డీ దూర్చి, పైన పసుపు టేపు అతికించాను. పెళ్ళిళ్ళ సీజన్లో పని మధ్య దొరికిన పది నిమిషాలు, పావుగంట పోగేసుకుంటే ఐదు నెలలు పట్టింది. ఎగరేయడం కూడా నేర్చుకున్నాను. ఫోన్‌లో ఆటలాగా ఉంటుంది, తెర మీద గుట్ట, గాలి, గ్లైడరు అన్నీ వస్తాయి. అందులో ఎన్ని వందలసార్లు కూల్చానో లెక్క లేదు. చివరికి చెయ్యి కుదిరింది. రిమోట్ మాత్రం బావదే, మాకు వేరేది లేదు. మా ఆయన దానికే నా గ్లైడర్‌ను జత చేయించుకొచ్చి, "దీన్ని ఫస్ట్ నువ్వే ఎగరేస్తవ్. అన్నకు చెప్పిన" అన్నాడు. ఆ మాటకు నేను ఎంత పొంగిపోయానో చెప్పడానికి ఇప్పుడు సిగ్గేస్తుంది.

ఆ ఆదివారం గుట్ట మీద గాలి బ్రహ్మాండంగా ఉంది. నేను రెక్కలు బిగించి తల ఎత్తేసరికి రిమోట్ బావ మెడలో వేలాడుతోంది.

"కొత్తది గదరా. ముందుగాల నేను జర సూసి, సక్కగ చేసి ఇస్త" అన్నాడు తమ్ముడితో.

మా ఆయన గంగిరెద్దులా తలూపాడు. నేను ఆయన మొహంలోకి చూశాను. ఆయన తన చెప్పులకేసి చూసుకున్నాడు. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే. అయినా నోరెత్తలేదు. నా గ్లైడర్‌ను నా చేత్తోనే ఇంకొకరి కోసం విసిరాను.

ఎగిరింది. ఎంత బాగా ఎగిరిందంటే ఏడుపొచ్చింది. నేను అనుకున్నట్టే, రెక్క వంచగానే తిరుగుతోంది, వదలగానే నిలబడుతోంది. బావ ఈల వేసుకుంటూ ఆడిస్తున్నాడు. ఐదు నిమిషాలైంది, పది నిమిషాలైంది. ఇస్తానన్న సంగతే మరిచిపోయాడు.

ఇంతలో గాలి పెరిగింది. కొంగును ఒక్కసారిగా వెనక్కి గుంజింది. బావ గ్లైడర్‌ను మా తలల మీదుగా వెనక వైపుకు తిప్పుతున్నాడు. గుట్ట ముందు లేచే గాలి వెనక వైపు కూలుతుంది, అక్కడికి పోయింది ఏదీ నిలబడదు. మా ఆయన చెయ్యి పట్టుకుని, "వెనక్కి పోతున్నది, ముందుకు తిప్పమను, జల్ది చెప్పు" అన్నాను.

"అన్నా" అన్నాడు.

"ఏందిరా?"

"ఏం లేదు. జర ముందుకు తెస్తే మంచిగుంటదేమో అంటున్నది."

"ఎవరు?"

"మా ఆమె."

బావ నవ్వాడు. "నాకే నేర్పుతదా?" అన్నాడు. ఆ నవ్వు అయ్యేలోపే పసుపు రెక్కలు గుట్ట వెనక మాయమయ్యాయి. రాళ్ళ మీద పడిన చప్పుడు వినిపించింది.

నాలుగు అడుగుల దూరంలో ఉన్నాడు బావ. ముందుకు తిప్పమని నేను ఒక్క అరుపు అరిస్తే నా గ్లైడర్ నాకు దక్కేది. అరవలేదు. మొగుడి చెవి వెతుక్కున్నాను.

పోయి ఏరుకొచ్చాను. ముక్కు పగిలింది, ఎడమ రెక్క వంగింది. మోచేతుల నిండా ముళ్ళు గీరుకున్నాయి. నేను టేపు చుడుతుంటే బావ తమ్ముడితో, "గాలి ఆగమాగం ఉందిరా ఇయ్యాల. గా గ్లైడర్ బరువు గుడ సక్కగ లేదు" అన్నాడు. అరికాలి మంట నెత్తికెక్కింది. అతికించడం అయిపోగానే బావ మళ్ళీ రిమోట్ సర్దుకుని, "ఇంకోసారి సూస్త. ఇసురమను" అన్నాడు.

"బావా, రిమోట్ ఇటియ్యిండ్రి" అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. బావ నాకేసి చూడలేదు. తమ్ముడికేసి చూసి, "ఏమంటున్నదిరా?" అన్నాడు.

"అన్నా, అదేందంటే..." అని మొదలుపెట్టాడు మా ఆయన.

"నువ్వు నడుమ ఆగు. బావకు చెవులున్నయి" అన్నాను. "బావా, బరువు సక్కగనే ఉంది. వెనక్కి తిప్పింది మీరు. అది నేను చేసిన, నేను ఎగరేస్త."

బావ మెడలోంచి రిమోట్ తీశాడు. నా చేతికి ఇవ్వలేదు. పక్కనున్న బండ మీద పెట్టి, కారు వైపు దిగిపోయాడు. నేను వంగి తీసుకున్నాను. మా ఆయనను విసరమన్నాను. ముక్కు పైకెత్తి విసిరాడు మహానుభావుడు, ఎలాగో సరిచేసుకున్నాను. అతికించిన రెక్క ఎడమకు లాగుతోంది. మూడు నిమిషాలో నాలుగు నిమిషాలో, గుట్ట అంచు వెంబడి అటూ ఇటూ తిప్పి, గడ్డిలో దించాను. రెండోసారి విరగలేదు.

ఎల్బీ నగర్ ఇంట్లో అడుగుపెట్టేసరికి అత్తమ్మ గుమ్మంలోనే ఉంది. బావ గుట్ట దిగుతూనే ఫోన్ చేసి చెప్పాడట.

"బావతోని నోరు లేపినవంట?" అంది. "మన ఇంట్ల ఇసొంటిది ఎన్నడన్న ఉన్నదా? పోయి తప్పైందని చెప్పు."

బావ లోపల టీవీ ముందు కూర్చున్నాడు. నా చేతుల గీతలు అందరికీ కనబడుతున్నాయి, టేపు చుట్టిన గ్లైడర్ చంకలో ఉంది. అది ఎగిరిందా అని ఆ ఇంట్లో ఒక్కరూ అడగలేదు.

"ఉండమ్మా, ఆమె తరఫున నేను చెప్త లే" అని మా ఆయన లోపలికి నడవబోయాడు.

నేను అడ్డం నిలబడ్డాను.

"నువ్వేం చెప్పకు. తప్పు చేస్తే నేనే చెప్పుకుంట. చెయ్యలే."