బయటి గడియ

మా లాయరమ్మకు పగ అంటే ఏమిటో నేర్పింది పెద్దకోటే. ఆ సీనియర్ లాయరును కోర్టులో అందరం చాటుగా అలాగే పిలిచేవాళ్లం. పన్నెండేళ్లు ఆవిడ దగ్గర గుమాస్తాగా చేశాను కాబట్టి అంతా దగ్గరుండి చూశాను. ఆయనంటే నాకూ ఒళ్లుమంటే, దాచుకోను.

ఆ పగ పుట్టిన రోజు మేం వాదిస్తున్న కేసు ఒక నర్సుది. నాలుగేళ్ల కూతురు తనకు కావాలని ఆమె, తనకే కావాలని మొగుడు. మొగుడి తరఫున పెద్దకోటు తెచ్చిన పక్కింటావిడ బోనెక్కి, "పిల్లని గదిలో పెట్టి, బయట గడియేసి డ్యూటీకి పోయేదండీ" అంది. మా లాయరమ్మ లేచి నోరు తెరిచిందో లేదో, పెద్దకోటు కళ్లజోడు తీసి కోటు అంచుతో తుడుస్తూ, "ఈ లాయరమ్మాయి కథలు బాగా అల్లుతుందండీ. సినిమాలకి రాసుకోమనండి" అన్నాడు. హాలంతా ఒకటే నవ్వు. జడ్జిగారూ నవ్వారు. లాయరమ్మ ముఖం ఎర్రబడింది. "ప్రశ్నలేమీ లేవండీ" అని కూర్చుంది. తీర్పు రోజున పిల్ల తండ్రి పాలైంది.

"సినిమాలకే రాస్తా. వాడి పరువు తియ్యకపోతే అప్పుడడగండి" అంది మెట్లు దిగుతూ. నల్లకోటు బీరువాలో పడేసి మూడేళ్లు రాసింది. నిర్మాతలు కాళ్లరిగేలా తిప్పుకున్నారు. టైపు కొట్టింది నేనే. తిరగరాసిన ప్రతిసారీ పెద్దకోటు ఇంకాస్త వెధవ అయ్యాడు.

చివరికి సినిమా వచ్చింది, ఆడింది. అందులో మొగుడి తరఫు లాయరు కళ్లజోడుతో సహా అచ్చం పెద్దకోటే. ఇక చూడాలి నా సామిరంగా! పెద్దకోటు కళ్లజోడు మీద చెయ్యి వేస్తే చాలు, వెనక బెంచీల్లోంచి జూనియర్లు "కథలు బాగా అల్లుతుందండీ" అని అందుకునేవాళ్లు. జడ్జిగారు సైతం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. నెల తిరక్కుండా ఆయన కోర్టుకు రావడం మానేశాడు. నా కడుపు చల్లబడింది.

ఆ సంబరంలో లాయరమ్మ నర్సుని పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని సినిమా చూపించింది. నేనూ వెళ్లాను. తెరమీద లాయరు పక్కింటావిడని అడిగింది.

"ఆ గది తలుపుకి బయట గడియ ఉందా?"

ఆవిడ నీళ్లు నమిలింది. "లేదండీ."

హాలు ఈలలతో దద్దరిల్లింది. తెరమీది పిల్ల పరిగెత్తుకెళ్లి తల్లిని వాటేసుకుంది.

లైట్లు వెలిగినా నర్సు లేవలేదు.

"బయట గడియ లేదని మీకు ముందే చెప్పాను కదా లాయరమ్మా" అంది మెల్లగా. "ఆ ముక్కేదో ఆ రోజే అడక్కపోయారా? నా కూతురిప్పుడు నన్ను ఆంటీ అంటోంది."

లాయరమ్మ ముఖంలో నెత్తురుచుక్క లేదు.