బోర్డు మీద బొట్టుబిళ్ళ

మొన్నటి దసరాకు సుత్తికీ, కటింగ్ ప్లేయర్‌కీ, స్కూటర్‌కీ బొట్లు పెడుతూ మా ఆవిడ నా రోబో దగ్గరికొచ్చింది. ఆరబోసిన వడ్లను తిరగేయడానికి నేను సరదాగా చేస్తున్న చిన్న బండి అది. చక్రాల మోటార్లకు కరెంటు పంచే ఎర్ర బోర్డు, మోటార్ డ్రైవర్, దానికి ప్రాణం.

"కుంకుమ వద్దు, పొడి లోపల పడితే కాలిపోతది" అన్నాను.

"అయితే గిది పెడ్త" అని తన నుదుటి మీది ఆకుపచ్చ రాయి బొట్టుబిళ్ళ తీసి బోర్డు మీది నల్ల రేకుకు అంటించింది. నవ్వాను గానీ తీయలేదు.

కోదాడలో ఒక కాలేజీ వాళ్ల రోబోల ప్రదర్శనకు నేనూ, మిర్యాలగూడలో ఉండే నా దోస్తూ ఒకే రకం బోర్డులతో చెరో బండి తయారుచేస్తున్నాం. పదిమందిలో నా బండి నడవాలి, అదే నా పంతం. తీగలు అతికే సోల్డరింగ్ పని వాడికి నేర్పింది నేనే. ఓ రోజు సూర్యాపేటలో మా ఇంటికొచ్చి, "నా తాన పెద్ద బ్యాటరీ ఉన్నది, నీ బోర్డు టెస్ట్ చేసి తెస్త" అని పట్టుకుపోయాడు. తిరిగి తెచ్చిచ్చి, "మస్తు పనిచేస్తున్నది రా" అన్నాడు.

బిగించి స్విచ్ వేస్తే ఎడమ చక్రం తిరిగింది. కుడిది ఉలకదు, పలకదు. ఫోన్ చేశాను.

"బోర్డు నేను సూసిచ్చిన గదా. నీ సోల్డరింగే కచ్చగున్నది" అన్నాడు.

నేర్పినవాడికే పాఠం! అయినా నమ్మాను. అతుకులన్నీ ఊడదీసి మళ్లీ వేశాను. వేళ్లు కాల్చుకున్నాను, ఆ కోపం మా ఆవిడ మీద చూపించాను. చివరికి రెండు మోటార్ల తీగలనూ అటుదిటు మార్చి చూశాను. ఈసారి కుడిది తిరిగింది, ఎడమది ఆగింది. అంటే మోటార్లు మంచివే, బోర్డులోనే ఒక పక్క పోయింది. నేనే కాల్చేశాననుకున్నాను. బొట్టుబిళ్ళ కనిపించకపోతే వేడికి జిగురు ఊడిందనుకున్నాను. ఏం తెలివో నాది!

"పోనీ తియ్, చెయ్యి తిరగాల్నంటే టైం పడ్తది" అని వాడు ఓదార్చాడు కూడా.

ఇంకో బోర్డు తెప్పించే వ్యవధి లేదు. నా బండిని ఇంట్లోనే వదిలేసి, వాడి బండి చూడటానికి నేనూ మా ఆవిడా కోదాడ వెళ్లాం. అది వడ్ల మీద చక్కగా పోతోంది. జనంతో పాటు నేనూ మనసారా చప్పట్లు కొట్టాను. బండి మా వైపు తిరిగింది. మా ఆవిడ వంగి చూసింది.

"అన్నా, నా బొట్టుబిళ్ళ నీ బండి మీదెందుకున్నది?"

వాడు స్విచ్ ఆపేశాడు. నా ముఖం చూడలేక నేల చూశాడు.

"నాది కాలిపోయింది రా. అడిగితే ఇయ్యవనుకున్న."

ఇచ్చేవాణ్ణి. నిజంగా ఇచ్చేవాణ్ణి. బోర్డు మార్చినందుకు కూడా కాదు, నా చేతుల మీద నాకే అనుమానం పుట్టించి, పైగా ఓదార్చాడే, అందుకు ఒళ్లు మండిపోయింది.

"తీస్కపో రా నీ బోర్డు" అని వాడు స్క్రూడ్రైవర్ అందుకున్నాడు.

నేను చెయ్యి చాపలేదు. మా ఆవిడ ఆ రేకు మీది బొట్టుబిళ్ళ ఒక్కటే గోటితో ఊడదీసి, "ఇగ పోదాం" అంది.