కంటికి దాచి, చెవికి చెప్పి

పెళ్లయిన చాలా ఏళ్లకు ఆమె వెబ్ పేజీలు తయారుచేయడం నేర్చుకుని ఒక చిన్న కంపెనీలో చేరింది. ఇంట్లో ఆమె పని మంచిచెడ్డలు అడిగి తెలుసుకునేది మామగారే. ఆయనకు చూపు పూర్తిగా పోయింది. తెర మీద ఉన్నదాన్ని పైకి చదివి వినిపించే ఫోనే ఆయనకు కాలక్షేపం.

ఆమె చేసిన గ్రంథాలయం పేజీ మొదలైన రోజున ఆయన కుర్చీలో సర్దుకు కూర్చుని ఫోను మీద వేలు పెట్టారు.

"బటన్" అంది ఫోను. వేలు జరిపారు. "బటన్." ఇంకాస్త జరిపారు. "బటన్."

"అమ్మాయ్, ఇది గ్రంథాలయమా, దర్జీ కొట్టా?" అన్నారు.

ఆమె నవ్వబోయి ఆగిపోయింది. ఆ బటన్లన్నీ ఉత్త బొమ్మలు, ఫోను చదవడానికి వాటికి మాటల్లేవు. పక్కన మాటలుంటే ఇరుకుగా ఉంటుందని మేనేజరే తీయించాడు.

మర్నాడు ఆఫీసులో ఆ సంగతి ఎత్తితే, "మళ్లీ మాటలు పెడితే పేజీ సంతలా ఉంటుందండీ" అన్నాడతను.

"కంటికి కనపడకుండా పెడతాను."

మాటలు రాసి, దాచేసింది. సాయంత్రం మామగారు వేలు పెడితే మళ్లీ అదే పాట.

"పోనీలేమ్మా. ఏ పుస్తకం కావాలో చెప్తాను, నువ్వే పెడుదువుగానీ."

ఆ మాట ఆమెకు గుచ్చుకుంది. మంచినీళ్లు కూడా ఒకరిని అడగకుండా గోడ తడుముకుంటూ వెళ్లి తెచ్చుకునే మనిషి ఆయన.

వెతికి చదివితే తెలిసింది. పూర్తిగా దాచేస్తే ఆ మాటలు అసలు లేనట్టే ఫోను కూడా దాటిపోతుంది. వాటిని పేజీలోనే ఉంచి, కంటికి ఆననంత చుక్కగా కుదించాలి. అలాగే చేసింది.

మేనేజరు పేజీని అటూ ఇటూ జరిపి చూశాడు. "ఏం మార్చారండీ?"

ఆమె ఫోనులో వినిపించింది. అతను చివరిదాకా విని, "మిగతా పేజీలకీ ఇలాగే చేసేద్దాం" అన్నాడు.

ఆ సాయంత్రం మామగారి వేలు కింద ఫోను, "పుస్తకం వినండి, బటన్" అంది. వేలు అక్కడే ఆగింది.

"నొక్కనా?"

"నొక్కండి మామయ్యా."

ఎవరిదో నిదానమైన గొంతు కథ మొదలుపెట్టింది. ఆయన వెనక్కి వాలారు. భోజనానికి పిలిస్తే చెయ్యి ఊపి, "మీరు కానివ్వండి, ఈ అధ్యాయం అయ్యాక వస్తాను" అన్నారు.