ప్రళయం తర్వాత విత్తనం

ఎనభైల్లో ఒకసారి భద్రాచలం నుంచి చర్ల వెళ్తుంటే అడవి మధ్యలో బస్సు టైరు పేలింది. డ్రైవరు దాన్ని మారుస్తుండగా, నేను రాస్తున్న నవల కాగితాలు బయటికి తీశాను. లోకమంతా కాలిపోయాక మిగిలిన పదిమంది దేవుడికి గుడి కట్టే కథ అది. ముగింపు కుదరక ఏడాదిగా అవస్థ పడుతున్నాను.

పక్క సీట్లోని కోయ ముసలమ్మ, "గదేంది సారూ?" అని అడిగింది. కథంతా చెప్పాను.

ఆమె శ్రద్ధగా విని, "మరి విత్తనాలు ఎవరు దాచిన్రు?" అంది.

కాగితాలు తిరగేసి చూశాను; విత్తనాల ఊసే లేదు.

"మేం ఏటా విత్తనాలు దేవుని ముందట పెట్టి మొక్కినంకనే చల్లుతం. ఉత్త చేతులతోని పోతే దేవుడు మాత్రం ఏం జేస్తడు?"

టైరు బిగించేలోపే ఆ పదిమందిలోకి ఒక ముసలమ్మను చేర్చి, ఆమె కొంగున గుప్పెడు జొన్నలు ముడి వేశాను. నవల ఆ నెలలోనే పూర్తయింది.